జానెడు ఎడం

ఎర్ర తీగకీ నల్ల తీగకీ మధ్య
జానెడు ఎడం ఉండాలి.
మొదటిరోజు ఓడ్వార్ నాకు నేర్పింది అంతే.
అతని జాన కాదు, నా జాన కాదు,
గోడకు బిగించిన ఇత్తడి పట్టీ మీద గీసిన జాన.
"తీగలు కూడా వింటాయి, సిన్నోవె.
పక్కపక్కన పడుకోబెట్టావంటే
తెల్లారేసరికి దీని కల దాని నోట్లో ఉంటుంది."

వార్డో ద్వీపం. నవంబరు.
పదకొండింటికి ఆకాశం కాస్త నీలం తిరుగుతుంది,
కాఫీ చల్లారేలోగా మళ్ళీ చీకటి.
కొండ కింద గదిలో ఐదుగురం.
సముద్రం అడుగున మాకున్నది ఒకటే కేబుల్.
అందులోనే పడవలకు గాలి కబురు,
అందులోనే ఆసుపత్రి అడిగే రక్తం సీసాలు,
అందులోనే బూడిదరంగు ఓడల దారులు,
ఇంకొకటి కూడా, దాని పేరు
మాలో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో నేను లేను.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
మా ఒరలో నాలుగు.
ఒకదానికొకటి రాసుకోకుండా చూసినందుకే నాకు జీతం.

కింది నుంచి పైకి ఏదైనా పోవచ్చు.
పైది కిందికి దిగకూడదు.
ఆ గుమ్మంలో చెప్పులపెట్టెంత యంత్రం ఒకటి:
ఇటు చిన్న దీపం,
అటు ఆ దీపాన్ని చూసే కన్ను.
ఇటు కన్ను లేదు. అటు దీపం లేదు.
బతిమాలినా బెదిరించినా
వెనక్కి రావడానికి అసలు దారే వేయలేదు.
నమ్మకం మీద కట్టింది కాదు, లేమి మీద కట్టింది.
దాన్ని తుడిచేటప్పుడు నాకు కొంచెం అసూయ.
నాకున్నది మామూలు నోరు,
నువ్వుగింజ నానుతుందో లేదో రోజూ చూసుకోవలసిన నోరు.

మంగళవారం రాత్రి పై తెర మీద
సముద్రంలో ఒక నలుచదరం వెలిగింది.
గట్టుకు ఉత్తరాన. బుధవారం తెల్లవారు నాలుగు నుంచి.
మా అన్న అస్లాక్ మొన్న భోజనాల దగ్గర
వేలితో బల్ల మీద గీసింది ఆ నీళ్ళనే.

తీగ దించదు. మనిషే దించాలి.
ఒకరు చదివి కొట్టేయాలి,
ఇంకొకరు చదివి సంతకం పెట్టాలి.
కొట్టేసింది ఓడ్వార్. రెండో మనిషిని నేను.
పదకొండు పంక్తులు వచ్చాయి.
గోళ్ళు తీసినట్టు తీశాడు, తొందర లేకుండా,
గడియారం వైపు నేనే చూశాను.
చివరికి మిగిలింది ఒకటి:
"ఈ హద్దుల్లోకి సాయంత్రం ఆరు దాకా పడవలు రాకూడదు."
ఎందుకో లేదు. ఎవరో లేదు.
ఆ పది పంక్తులూ ఇక్కడా లేవు,
వెతక్కండి.
సంతకం చేశాను. నా పేరులో ఒక అక్షరం వంకర పోయింది.
రెండూ నలభైకి రేవులో రేడియో ఆ ఒక్క ముక్కా చదివింది.

బుధవారం రాత్రి అస్లాక్ తిట్టిపోశాడు.
హాడక్ ధర ఇలా ఉన్నప్పుడు
సముద్రానికి గొళ్ళెం పెట్టిన పనిలేనివాడెవడు?
డీజిలు పోసింది ఎవడు, ఎర కట్టింది ఎవడు?
నేను బంగాళాదుంపల గిన్నె అందించాను.
అతను తీసుకోలేదు. నా మొహం చూశాడు,
వలలో చిల్లి వెతికే చూపు.
"నీకు తెలుసు."

పడవల ఛానల్ అందరిదీ.
రేవులో పిల్లలు కూడా వింటారు.
అందుకే చేపలు తగిలిన రోజు అస్లాక్
తన బావమరిదితో అంటాడు:
"మామ్మ స్వెటర్ దొరికిందోయ్, మోచేతి దగ్గర చిరిగింది."
ముప్ఫై పడవలు వింటాయి.
ఒక్కటే చుక్కాని తిప్పుతుంది.

"మామ్మ స్వెటర్ ఎక్కడుందో చెప్పు," అన్నాను.
నోరు తెరిచాడు. మూశాడు.
ముక్కులోంచి ఒక నవ్వు జారింది, దాన్నీ వెనక్కి లాగేసుకున్నాడు.
గిన్నె తీసుకున్నాడు.
బల్ల మీద అతని చేయి, నా చేయి.
ఎంత ఎడమో నేను కొలవలేదు.
బయట అతని పడవ రేవుకు కట్టే ఉంది,
ఖాళీగా,
తాడు కిర్రుమంటోంది.