ఒకటి అంటే ఆరడం

టార్టులో డిసెంబరు. మూడున్నరకే చీకటి.
ఎమాయోగి మీద మంచు ఇంకా పలచన,
అడుగు వేస్తే మాట వినదు.
మారిక బల్ల మీద బొటనవేలంత బోర్డు,
దాని మీద ఆవగింజంత దీపం.
వత్తి లేదు, నూనె లేదు.
నాలుగు వందల వరుసల సి భాష కావాలి,
అంతే, వెలగడానికి.

ఒకటి అని రాసింది. ఆరింది.
సున్నా అని రాసింది. వెలిగింది.
డేటాషీటు నలభై మూడో పేజీ అడుగున
చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది:
ఈ గడప దగ్గర కాదంటే అవునని.
ముందే చెప్పొచ్చు కదా, అంది బోర్డుతో,
ఎస్తోనియన్‌లో, తిట్టులాంటి ముద్దుగా.

తర్వాత గుండెలా కొట్టుకోమంది.
టిక్కు, టిక్కు, కాస్త ఆగి టిక్కు...
కెర్నల్ కూలింది.
తెర నిండా కుప్పపోసిన అడ్రసులు.
కింది నుంచి పైకి చదివాం ఇద్దరం,
శవం జేబులు వెతికినట్టు.
నిద్రపోకూడని చోట నిద్రపోయావు, అంటోంది యంత్రం.
ఆ రెండు తీగల బస్సు నెమ్మది మనిషి,
అడిగితే ఆలోచించి చెబుతుంది.
రెప్ప వేయకూడని టైమరును
దాని గుమ్మంలో కూర్చోబెట్టింది మారిక.
ఇప్పుడు టైమరు చీటీ రాసి పడేసి పోతుంది.
తీరికున్న దారం ఎవరో వచ్చి చదువుకుంటారు.

డ్రైవరును తీసేసినా దీపం వెలుగుతూనే ఉంది,
విందు ముగిసి అందరూ వెళ్ళాక
వాకిట్లో మరిచిన లైటులా.
మా భాషలో దీపం ఆరిందనం, కొండెక్కిందంటాం, అన్నాను.
మాకు కొండలెక్కడివి, అంది.
వోరు దగ్గర ఒకటుంది, దాని పేరే గుడ్డు కొండ,
అక్కడిదాకా నడవమంటావా దీన్ని?
అని నవ్వి, చివరి ఫంక్షన్‌లో సున్నా రాసింది.
కాదు, ఒకటి. మళ్ళీ మరిచిపోయింది.

శనివారం హిల్లార్ పశువుల కొట్టం.
అరవై రెండు ఆవులు, ఆవిరి, పేడ వాసన, రేడియో.
పాలు మంచివైతే ఆకుపచ్చ,
రక్తపు జీర ఉంటే ఎరుపు:
ఇదీ మూడు నెలల మా కష్టం.
మొదటి ఆవు ముస్తిక్.
దీపం ఎర్రబడింది.
హిల్లార్ ఆ పాలు పెద్ద తొట్టిలోకే వదిలాడు.
మారిక కెవ్వున అరిచింది.
ఎరుపు కదా!
ఎరుపా, అన్నాడాయన, ఈల ఆపి.
నాకు గడ్డీ స్ట్రాబెర్రీ ఒకే బురద.
పాత మిషన్‌లో పైది వెలిగితే మంచి, కిందిది చెడు.
మీరేమో ఒక్క బుడ్డి తెచ్చారు.

ఎనిమిది వందల లీటర్లు కాలువలో పోశాం.
ఎవరూ ఏమీ అనలేదు.
రెండు వందల యాభై ఆరు మెట్ల వెలుతురు రాశాం మేం,
చూసే కన్ను ఒక్క వరుసలోనూ లేదు.

బోర్లించిన బకెట్ మీద కూర్చుంది మారిక.
చెడ్డ పాలంటే ఎలా కొట్టుకోవాలో చెప్పండి, అంది.
ఆయన కాసేపు తల గోక్కున్నాడు,
ముస్తిక్ వీపు మీద వేలితో తట్టాడు:
టక్ టక్.
ఆగాడు.
టక్ టక్.
చలికి కుక్క తలుపు గీకేది ఇలాగే, అన్నాడు,
నిద్రలో ఉన్నా లేచేవాణ్ణి.
ఆమె ఫోనులో ఆ చప్పుడు పట్టుకుని కొలిచింది.
నూట ఇరవై మిల్లీసెకన్లు, నూట ఇరవై, ఏడు వందలు.

మార్పు పంపించింది రాత్రికే.
రంగులు ఉన్నచోటే ఉన్నాయి, లయ చేర్చాం, అని రాసి
కింద: పరీక్షించినవారు హిల్లార్, ముస్తిక్.

వారం తర్వాత జవాబు.
ఖాళీలు సరిచేయండి, ఏడో వరుస పొడవు తగ్గించండి,
ఆవు సంతకం చెల్లదు.
ముస్తిక్‌ను కొట్టేసింది, కాస్త బాధగానే.

ఆ మూడు అంకెలు ఎక్కడివని మాత్రం
ఎవరూ అడగలేదు.