ఆరంకెలు

ముందు పేరడిగింది ఫోను.
మ్యోర్చి అన్నాం.
సముద్రం మీంచి లేచి కిటికీల దాకా నడిచొచ్చే
పొగమంచుకి మా ఫారో దీవుల్లో పేరది.
అందులో ఒక అక్షరం అచ్చం సున్నా,
దాని ఒంటికి అడ్డంగా ఒక గీత.

గీత చెల్లదంది.
గీత తీసి రాస్తే ఆ పేరు అప్పటికే ఎవరిదో,
ఎక్కడో ఎండదేశంలో
కుక్కలకి స్నానం చేయించే కొట్టుది.
చివర చుక్క పెట్టాం, తీశాం.
ఇంటిపేరులా ఊరిపేరు తగిలించాం, క్లాక్స్‌విక్ అని.
"గీత పోతే అది మంచూ కాదు, మాటా కాదు"
అంటూనే నొక్కేసింది సున్‌వోర్.

యోవానిస్ దగ్గర చదువుకునే పద్నాలుగేళ్ళ పిల్ల
మా నలుగురికీ గురువు.
అన్నిచోట్లా ఒకే పేరుండాలి, ఒకే బొమ్మ,
ఎప్పుడెక్కడ వాయిస్తారో పైనే కనపడాలి,
వారం కనపడకపోతే మరిచిపోతారు సార్, అంది.
మరిచిపోవడానికి ఈ ఊళ్ళో
అంతమంది మనుషులేరీ?

వలల కొట్టం ముందు ఫొటో దిగాం.
గుండ్రంగా కోసి గోరంత చేస్తుందట.
గోరంతలో ముగ్గురం ఎలా పడతాం,
అసలు నాలుగోవాడు ఓడ మీదుంటే?
ఆఖరికి అకార్డియన్‌ తిత్తి ఒక్కటే పెట్టాం,
బాగా సాగదీసి.
ఎంత చిన్నదైనా ఊపిరి తీసే చేప మొప్పలా ఉంది.

నూటయాభై అక్షరాల్లో మీరెవరో చెప్పమంది.
యోవానిస్ బడిపంతులు కదా,
"ఉత్తర తరంగాల అంతరంగ నాదం" అని రాశాడు.
సున్‌వోర్ నవ్వాపుకోలేక
మైకు తీగ మీద కూలబడింది.
నేను రాశాను:
చేపల ఫ్యాక్టరీలో ఇద్దరం, బళ్ళో ఒకడు, ఓడలో ఒకడు.
శనివారాలు వాయిస్తాం.
ఇంకా జాగా మిగిలింది.
మిగలనీ అన్నాను.

అప్పుడడిగింది,
మీరు మీరేనని రుజువేమిటని.
ఆరంకెలు పంపిందట యాల్‌గ్రిమ్ నంబరుకి.
మార్చిలో ఒక రాత్రి, మూడో సీసా దగ్గర,
నా నంబరియ్యండ్రా అన్నది వాడే.
ఇప్పుడు డ్రమ్ము కర్రలు ఇక్కడా
వాడు పంతొమ్మిది రోజులుగా కాడ్ చేపల వెంటా.

పది నిమిషాలే ఆ అంకెలకి ఆయుష్షు.
ఒకసారి చచ్చాయి. రెండోసారీ చచ్చాయి.
మూడోసారికి ఓడ కాల్సోయ్ దీపస్తంభం దాటింది.
వాడి ఫోనులో డబ్బుల్లేవు,
వచ్చేవి వస్తాయి, పోయేవి పోవు.
కొట్టంలో మా మామయ్య పాత రేడియో బుర్రుమంది.

ఎవరికీ చెప్పవద్దని రాసి ఉందట
ఆ అంకెల కింద.
తీరమంతా వినేలా చదివాడు:
"నాలుగు. సున్నా. సున్నా. ఏడు. రెండు."
ఆరోది గాలి మింగేసింది.

మళ్ళీ చెప్పరా అని అరుస్తున్నాను.
గడియారం తొమ్మిదో నిమిషంలో ఉంది.
చేపల చల్లదనం వదలని నా వేలిని
తెర గుర్తుపట్టడం లేదు.

అప్పుడు ఇంకేదో పడవ నుంచి
ముసలి గొంతు, ఎవరిదో తెలీదు,
"తొమ్మిదన్నాడమ్మా, తొమ్మిది."
దాని వెనకే ఇంకో గొంతు, "అవును, తొమ్మిదే."
ఆ వెనక మూడోది,
"ఇంతకీ ఏం ధరది, కాడ్‌కా?"

సున్‌వోర్ రేడియో మీటనొక్కి
మేం పాటలవాళ్ళం, అంది.
కాసేపు ఉట్టి బుర్రు.
తర్వాత టకటక,
యాల్‌గ్రిమ్ చుక్కాని గది బల్ల మీద
వేళ్ళతో వాయిస్తున్నాడు.
ఎవరూ ఆపమనలేదు.

రాత్రికి పదకొండు మంది వచ్చారు మా దగ్గరికి.
తొమ్మిది మందికి మొహాల్లేవు, పడవలున్నాయి.
ఒకాయనకి పడవా లేదు, బొమ్మా లేదు.
రెండే మాటలు పంపాడు:
"గీత ఏదీ?"

మిగిలిన జాగా గుర్తొచ్చింది.
సున్నా చుట్టి, దానికడ్డంగా గీశాను.
అక్కడ ఒప్పుకుంది.