ఖర్జూరం గుజ్జు

చెప్పొద్దన్నడు నరహరి, అయినా చెప్తున్న:
ఆ సినిమా చూసి మీరు ముక్కు మూసుకున్న పెంట
నేను వండిందే.
మెత్తవడ్డ ఖర్జూరం, ఉడకవెట్టిన పెసర్లు,
జరంత చింతపులుసు, మాడిన మెంతులు.
హసావిల మా మెస్సు పొయ్యి మీద
పెద్ద గంటెతోని గంటసేపు కలిపిన.
తొమ్మిదేండ్ల సంది నూటిరవై మందికి పప్పు వండుతున్న,
ఉప్పెక్కువైందని తప్ప
ఎవ్వడు ఒక్క మాట అనలే.
ఆ దినం నరహరి గిన్నెల వేలు వెట్టి చూసి
కండ్లల్ల నీళ్లు దీసుకున్నడు:
"కాకా, గిదే కావాలె."

ఫోర్క్‌లిఫ్టు తోలుకుంట
రెండేండ్ల జీతం దాంట్ల వోసిండు పిలగాడు.
కథ చిన్నదే.
ఒకడు కువైట్ నుంచి ఊరికి వోతూ
ఐదు బంగారు ముక్కలు మింగుతడు,
నాలుగే బయటికొస్తయి.
పెండ్లాం, బామ్మర్ది, అప్పిచ్చిన సేటు,
ఏజెంటు తోలిన ఇద్దరు
జల్లెడ వట్టుకొని
పాయఖాన ముంగట కూసుంటరు.
వాడు సచ్చినంక గూడ లేవరు.

శుక్రవారం రాత్రి, అబ్బాసియల ట్యూషన్ హాలు.
బెడ్‌షీటే తెర. కుర్చీలు డెబ్బై, మనుషులు నూరు.

మొదటి జల్లెడకే సంఘం అధ్యక్షుడు
కండువ ముక్కుకు అడ్డం వెట్టుకున్నడు.
రెండో జల్లెడకు లేచి
"తెలుగోళ్ల ఇజ్జత్ దీసిండ్రు" అనుకుంట వోయిండు.
ఎవని చెప్పులో తొడుక్కొని వోయిండు,
మార్చుకుందామని మళ్లొచ్చి
తలుపు కాడ నిలవడి
కడదాక చూసిండు.

ఏసీ మెకానిక్ పిలగాడు ఉపేందర్
ఎక్కిళ్లు వచ్చేదాక నవ్వి,
చిప్సు కవర్ల కక్కుకున్నడు.
ఆ సప్పుడు ఇన్నంక
నా ఛాతీ ఇంత పొంగింది.
దేవుడు నన్ను క్షమించాలె.

ఫర్వానియా దవాఖాన నర్సు ఎస్తేరమ్మ
తప్పులు వట్టింది:
"ఐదోది అక్కడ ఇరుక్కోదండి, ఇంకా కిందికి,
ఆ ఎక్స్‌రే మనిషిదేనా అసలు?"

మురుగు ట్యాంకర్ తోలే లస్మన్న
నవ్వలే, రోత వడలే,
గోడకు ఒరిగి నిద్రవోయిండు.

రాజంపేట రెడ్డెమ్మ,
ఏడేండ్ల సంది ఒక ముసలి బాబాకు డైపర్లు మారుస్తున్నది,
మురుకులు నముల్తానే చూసింది.
"ఇంతేనా నాయనా?" అనింది.
"రంగు కుదిరింది.
ముసిలోళ్లదైతే ఇంకా పల్చగుండాల."
ఆ రాత్రి నిజమైన విమర్శ
నాకు అదొక్కటే దొరికింది.

ఆఖరికి పెట్టె వస్తది ఎయిర్‌పోర్టుకు.
ఇంటోళ్లు పూలదండతోని పాటు
జల్లెడ గూడ తెస్తరు.
హాలంత సప్పుడు బందైంది.
ఆ పెట్టె తెల్వనోడు
మాల ఎవడూ లేడు.
యెనుక నుంచి ఒక్కడు ఫుస్సున నవ్విండు,
ఇంకొకడు, ఇగ అందరు.
ఏడ్వాల్సిన కాడ నవ్వెందుకొచ్చిందో
నాకిప్పటికి తెల్వది.
వాంతి లెక్కనే వచ్చింది,
ఆపుకుంటె ఆగలే.

నరహరి మూల మీద నిలవడి లెక్కవెట్టిండట:
"ముప్పై ఒక్కమంది లేచివోయిండ్రు కాకా,
పదిమంది మళ్లొచ్చిండ్రు."
పరీక్ష పాసైనోని మొకం వానిది.

గిన్నెలు తోముతుంటె రాత్రి రెండయింది.
మెస్సుల ఒక్కడే మిగిలిండు, గంగనర్సు.
హాలుల వాడు నవ్విండా, లేడా,
ఎంత యాది చేసుకున్నా యాదికొస్తలేదు.
"కాకా," అన్నడు, "సినిమాల వాడు
అరటిపండ్లు తిన్నడు గదా మింగేటప్పుడు.
నిజంగనైతె ఎన్ని తినాలె?"

నేను నవ్విన.
వాడు నవ్వలే.
గురువారం వాని ఫ్లైటు.

ఏమనాల్నో నోటికి రాక
మిగిలిన పప్పు, అన్నం
పళ్లెంల ఏసి ముంగట వెట్టిన.
తినలే.
తొమ్మిదేండ్లల్ల మొదటిసారి
ఒక మనిషి నా పప్పు దిక్కు
అంతసేపు చూసిండు.