మూడో అట్ట

గ్రిమ్స్‌బీ లైబ్రరీ పై అంతస్తు. గురువారం, సాయంత్రం ఆరున్నర.
హీటరు మీద నా చేతి తొడుగులు ఆరుతున్నాయి,
ఎంత ఉతికినా కాడ్ చేప వాసన వదలని తొడుగులు.
మార్గో బోర్డు మీద పెద్ద సున్నా చుట్టి
గడియారానికి పెట్టినట్టు పన్నెండు గీతలు పెట్టింది.
"నాయకుడు ఇక్కడ బయల్దేరతాడు.
తిరిగి ఇక్కడికే వస్తాడు. కానీ వచ్చేది
వెళ్ళినవాడు కాదు."

తలా పన్నెండు అట్టముక్కలు పంచింది.
మొదటిది ఇల్లు. రెండోది పిలుపు.
మూడోది, రానని మొరాయించడం.
"మూడో దాని దగ్గర ఆగిపోకండి.
ఒక్క పేజీ చాలు, చదివేవాళ్ళకి విసుగు."

నాకిది మరీ కొత్తేం కాదు.
అమ్మమ్మ కథల్లో ముసలి రాజు
మూడు దిక్కులకూ పొమ్మనేవాడు, నాలుగో దిక్కు మాత్రం వద్దనేవాడు.
కొడుకు సరిగ్గా అటే గుర్రాన్ని తిప్పేవాడు.
తిప్పకపోతే కథెక్కడిది?
ఊఁ కొట్టడానికి మేమెందుకు?

నా కథలో మనిషి నూకరత్నం.
చేపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
ఆమెకే పిలుపు పంపాలో తెలీక
ఒక ఉత్తరం పంపాను, కొట్టేశాను.
ఒక కల పంపాను, కొట్టేశాను.
ఆఖరికి బెల్టు మీద పోతున్న చేప కడుపులో
ఉంగరం పెట్టాను.
అది ఇదివరకే ఎవరికో దొరికిందని గుర్తొచ్చి
సిగ్గేసింది.

పక్క కుర్చీలో నోరిస్. డెబ్బై తొమ్మిదేళ్ళు.
పదిహేనో ఏట ట్రాలరెక్కాడట.
చూపుడువేలు సగమే, మిగతా సగం వించ్ తినేసింది.
ఆరు వారాలుగా చూస్తున్నాను,
అతని అట్టలు మూడు దాటవు.

"పిలుపంటే ఎవరూ బాకా ఊదరు," అన్నాడు టీ విరామంలో.
"తెల్లారుజాము మూడింటికి టాక్సీ వచ్చి హారన్ కొడుతుంది.
సంచి భుజాన వేసుకుని పోవడమే."
ఊఁ, అన్నాను.
"ఆ జనవరిలో పన్ను నొప్పి.
దవడ ఇంత లావు వాచింది. ముసుగుతన్ని పడుకున్నాను.
హారన్ విన్నాను, రెండుసార్లు.
లేవలేదు.
నా బదులు పక్క వీధి కుర్రాణ్ణి ఎక్కించుకున్నారు, కోలిన్ అని.
వాడికదే మొదటి సముద్రం."
ఊఁ.
బిస్కెట్‌ని టీలో ముంచి
అది నాని, తెగి, అడుక్కి జారేదాకా
అలాగే పట్టుకున్నాడు.
"పడవ రాలేదు."

ఈసారి నా ఊఁ గొంతులోనే ఉండిపోయింది.

మార్గో వచ్చి అతని బల్ల మీదికి వంగింది.
"ఏం నోరిస్, మనవాడు గడప దాటాడా?"
"ఇంకా పక్క దిగలేదమ్మా."
అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

క్లీథార్ప్స్ బస్సులో అద్దం మీద వేలితో సున్నా చుట్టాను.
కోలిన్‌కి దక్కినవి రెండే గీతలు.
మిగతా పదీ నీళ్ళ పాలు.
వెళ్ళనివాడు మాత్రం ఒక్క పేజీలో
యాభై ఎనిమిదేళ్ళుగా పడుకునే ఉన్నాడు.

కథ కంచికి, మనం ఇంటికి,
అని అమ్మమ్మ లాంతరు వత్తి తగ్గించేది.
ఆ మాటని ఇన్నేళ్ళూ
పిల్లల్ని నిద్రపుచ్చే మాటే అనుకున్నాను.
ఇంటికి పోయేది విన్నవాళ్ళమే.
కథలోకి వెళ్ళినవాడి సంగతి
ఆమె ఎప్పుడూ మాటివ్వలేదు.

వంటింటి బల్ల మీద అట్టలు పరిచాను,
వరసగా కాదు.
చేప కడుపులోంచి ఉంగరం తీసేశాను.
మూడో అట్ట వెనక్కి తిప్పితే అటువైపంతా తెలుపు.
అక్కడ మొదలుపెట్టాను:

నూకరత్నం దుప్పటి తలదాకా లాక్కుంది.
వాకిట్లో టాక్సీ ఆగింది.
ఒక హారన్.

గ్యాస్ మీద పాలు పొంగాయి, లేచి కట్టేసి వచ్చాను.
రెండోది ఇంకా రాయలేదు.