హాదిర్

మంగళవారం, శనివారం, ఏడు దాటాక
చేపలరేవు పక్కన ఐసు ఫ్యాక్టరీ మేడమీద
జైబున్ బీ పేర్లు పిలుస్తుంది.
"హాదిరా" అంటాం ఆడవాళ్ళం, మగాళ్ళు "హాదిర్."
బళ్ళో పలికిన హాజరే ఇది.
"అక్కడ షావుకారు కేకేస్తే పరిగెత్తుకొచ్చి అనే మాట కూడా ఇదే.
ఇక్కడ మాత్రం ఉన్నానని అర్థం, అంతే"
అంటుంది, రిజిస్టర్లోంచి తలెత్తకుండా.

బల్లల్లేవు. తిరగేసిన చేపల ట్రేలు.
పాత ఐసుపెట్టె మూతకి నల్లరంగు పూస్తే అదే బోర్డు.
కింద నుంచి చలి అరికాళ్ళలోకి ఎక్కుతుంటుంది.
మస్కట్‌లో ఇంటిపనికి కుదిరిన నూకరత్నం,
జ్ఞానాపురం నర్సు సువార్త,
గాజువాక వెల్డింగు పైడిరాజు,
ఏ దేశమూ పోని నేను.
ఫీజు లేదు. వంతులేసుకుని టీ తేవాలి.
నేర్చుకున్న ముక్కని ఆదివారం రేవులో కూచుని
ఇంకొకరి కాగితం మీద ఖర్చు పెట్టాలి.

మొదటిరోజు అక్షరాలు చెప్పలేదు.
"మా అవగ్గె గబ్ల్ మా అగ్రా" అనిపించింది.
చదవకుండా సంతకం పెట్టను.
ఐసు దంచే మిషను మీద గొంతులేసి అరిచాం.
కింద లోడింగు కుర్రాళ్ళు తగువనుకుని పైకొచ్చారు.
ఇద్దరు ఇప్పటికీ వస్తున్నారు.

ఐన్ అని ఒక అక్షరం, ఎవరికీ రాదు.
"కవ్వళ్ళ ముల్లు గొంతులో దిగితే
దగ్గబోయి ఆగుతారే, అక్కడుంటది."
పైడిరాజుకి మొదటిసారే వచ్చేసింది.
పద్దెనిమిదేళ్ళ వెల్డింగు పొగ.
నవ్వాం. అతనూ నవ్వబోయి దగ్గాడు.

పకారం లేదు వాళ్ళకి.
పైడిరాజు బైడిరాజు, పోలమ్మ బోలమ్మ.
నూకరత్నం "నా పేరులో అది నేదు కదా, బతికిపోనాను" అంది.
"పేరు మారిస్తే మార్చనీండి" అంది జైబున్ బీ,
"జీతం మార్చనియ్యకండి."

ఒకరోజు బోర్డు మీద బాకీ అని రాసింది.
వసూలు. జప్తు. రద్దు.
"ఇవి మీకు నేర్పక్కర్లేదుగా?"
అక్కర్లేదు. మా అమ్మకి చదువు రాదు గాని
ఈ మాటల్లో ఏదొకటి వీధిలో వినపడితే
లేచెళ్ళి గడియ పెట్టేది.
ఇంకాస్త కింద హక్కు అని రాసింది.
ఇదీ అక్కణ్ణించే వచ్చిందట, వాటితోపాటే.
ఇన్నాళ్ళూ మా ఇంట్లోనే ఉంది,
ఎవరో దాచమనిచ్చి మర్చిపోయిన సామానులాగ.

నేనెందుకొస్తున్నానో ఎవరూ అడగలేదు.
బియ్యం డబ్బాలో, ప్లాస్టిక్ కవర్లో
మా తమ్ముడి కాగితం ఉంది.
బహ్రెయిన్‌లో నాలుగేళ్ళు ఇంజన్లు బాగుచేసి
ఒక్క బ్యాగుతో దిగినప్పుడు తెచ్చాడు.
అడుగున వాడి సంతకం, తెలుగులో, వంకరగా.
దానిపైన పది లైన్లు, వాడికీ తెలియనివి.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
ఫోను లైటు పట్టుకుని కుడిచేతివైపు నుంచి
వలలో చిరుగు వెతికినట్టు వేలితో తడుముతూ పోయాను.
ఇస్మ్. అంటే పేరు.
బే, కింద ఒక చుక్క. వావ్. లామ్. అలిఫ్.
రే. మళ్ళీ అలిఫ్. మళ్ళీ వావ్.
బోలారావు.
ఎవడీడు అనుకున్నాను.
ఎవరి కాగితమో మాకిచ్చేశారని గుండె జారింది.
జైబున్ బీ మాట గుర్తొచ్చేదాకా
అలా ఆ చుక్క మీదే వేలు పెట్టుకుని ఉన్నాను.

పొద్దున్న జెట్టీ మీద
పడవ ఇంజను విప్పుకుని కూచున్నాడు వాడు, వీపు నావైపు.
పోలీ అని పిలవలేదు.
"బోలారావ్" అన్నాను.

స్పానరు ఆగింది.
వెనక్కి తిరక్కుండానే గబుక్కున లేచి,
చేతులు లుంగీకి తుడుచుకుని
"హాదిర్" అన్నాడు.

తరవాత తిరిగి నన్ను చూశాడు.
ఏమీ అనలేదు. నేనూ అనలేదు.
ఐసు లారీ ఒకటి వెనక్కొస్తూ అరుస్తోంది, జరిగాం.

ఇంకా తొమ్మిది లైన్లున్నాయి.
శనివారం టీ వంతు నాది.