మంగళవారం కోన

గేటుకు నేనే తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని
గేటు పక్క సందులోంచి నేనే దూరినా.

మంగళవారం కోనకు సెలవు.
నీళ్లకు లేదనుకోండి,
టికెట్టు పుస్తకానికి.

ఆరేళ్లుగా ఈల మెడలో వేసుకుని
నెల్లూరు నుంచి, కావలి నుంచి, గూడూరు నుంచి
కార్లు దిగిన పిల్లలకు చెప్పిందే చెప్తుండా:
"బాబూ, ఎడమ పక్క కమ్మీ పట్టుకో, నాచు ఉండాది.
అమ్మా, ఆ చిప్సు ప్యాకెట్టు లోపల పెట్టండి,
కొండముచ్చు చూసిందంటే మీది మీదికొస్తది.
పైగుండం మీ నాన్నకు నడుం దాకా, నీకు మెడదాకా.
కింది మడుగులో ఆడుకోండి."

నా పిల్లలు మాత్రం
ఈ నీళ్లు కొండ దిగి, కాలవై, మా ఇంటి ముందు
మురికి పట్టినాకనే చూసినోళ్లు.

ఇయ్యాల
వెంగమ్మ చింతాకు పచ్చడి కలిపిన అన్నం మూటగట్టింది.
చిన్నోడు నా పాత టోపీ పెట్టుకుని
కళ్లు కనపడక రెండుసార్లు పడ్డాడు.
చందన (నేను కాపలా కాసే చెట్టు పేరే దానికి పెట్టుకున్నా)
సందు కాడ ఆగి "నాయనా, టికెట్ ఎంత?" అంది.
"పెద్దోళ్లకు ఇరవై, పిల్లలకు పది,"
నోరు దానంతట అదే అనేసింది.
అది నాలుగు బలుసాకులు తుంచి నా చేతిలో పెట్టింది.
బొటనవేలితో ముద్ర గుద్ది తిరిగిచ్చినా.

మొదటి మలుపు కాడ నా గొంతు మళ్లీ ఎత్తుకుంది:
"కుడిపక్క కనిపించేది ఎర్రచందనం. మన వెలికొండల్లో..."
వెంగమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
"చెప్పయ్యా, చెప్పు.
మేం గూడా కార్లో వచ్చినామనుకో."

నిన్నటి వానకు గుండం నిండా బురదే.
టీ కొట్టు ముందు పారబోసిన నీళ్ల రంగు.
పిల్లలు మొహాలు ముడుచుకున్నారు.
దీనికి నా కాడ మాటల్లేవు,
వానపడిన మర్నాడు మేం గేటు మూస్తాం, అంతే.

వెంగమ్మ బాట వదిలింది.
నేను రాళ్లకు సున్నం కొట్టిన బాట.
పొదల్లోకి వంగి, కాలితో ఆకులు తీసి,
పోయినేడు రాలిన చిల్లగింజలు రెండు ఏరుకొచ్చింది.
చెంబు లోపలి గోడకు గరగరా అరగదీసి
గుండం నీళ్లు ముంచి, బండ మీద పెట్టింది.
"ఇంక గమ్మునుండండి."

ఈ కోనలో పిల్లలు అంతసేపు గమ్మునుండటం
నా ఉద్యోగంలో నేను చూళ్లేదు.
నీళ్లు తేటపడినాయి,
అలిగిన మనిషికి ముందు మొహం తేటపడి
అడుగున ఇంకాస్త ఉన్నట్టు.

"ఎవరు నేర్పినారు మే?"
"మాయమ్మ. ఇంకెవురు?"
గడ్డం ఎత్తి అవతలి రెండు బండల్ని చూపించింది.
"ఆ సందులోనే నా ఉయ్యాల. మాయమ్మ గడ్డలు తవ్వతా ఉంటే
నేను గుక్కపెట్టి ఏడిసేదాన్నంట.
కొండముచ్చులొచ్చి ఊపిపోయేయంట."

నా మ్యాపులో ఆ చోటు పేరు
వ్యూపాయింట్ రెండు.

చిన్నోడు పరిగెత్తాడు, సందులోకి దూరి పడుకున్నాడు.
కాళ్లు బయటికొచ్చినాయి, టోపీ నీళ్లల్లోకి పోయింది.
తర్వాత అందరం మడుగులో కాళ్లు పెట్టినాం.
పరిగె పిల్లలు వేళ్లు కొరికితే
వెంగమ్మ చిన్నపిల్ల మాదిరి అరిచింది.
చందన నా ఈల లాక్కుని గట్టిగా ఊది
"ఎవురూ లోతుకు పోగూడదు!" అంది.
మేం పోలేదు.

బుధవారం గేటు తెరిచినా.
కళ్లద్దాల పిల్లోడొకడు బోర్డు చదివి అడిగాడు:
"అంకుల్, రెండో వ్యూపాయింట్లో ఏముంది?"

లోయ, అనాలి. దూరంగా చెరువులు,
ఆకాశం బాగుంటే సముద్రం గీత, అనాలి.
"పాపాయి పడుకోనుంది నాయనా,
చప్పుడు చెయ్యకుండా పోదాం పా," అన్నా.

నమ్మారో లేదో తెలీదు.
కార్లో వచ్చిన ఆరుగురూ
చెప్పులు చేత పట్టుకుని నా వెనక నడిచినారు.