ఐదు తొమ్మిదులు

అక్టోబరులో మొదటి మంచు పడకముందే
బ్యాటరీ విప్పి వంటింట్లోకి తెచ్చుకుంటాను.
రై రొట్టెల డబ్బాకీ కాఫీ కెటిల్‌కీ మధ్య
ఆరు నెలలు దాని మకాం అక్కడే.
అక్క సైమి వచ్చినప్పుడల్లా అంటుంది,
"కట్టుకున్నవాణ్ణి కూడా ఇంత వెచ్చగా చూసుకోలేదు కదే హిల్కా!"
నేను కాఫీ పోస్తాను.

షెడ్డులో బండి, పాత సైన్యపు దుప్పటి కింద.
ఎనభైనాలుగు మోడల్ జర్మన్ బండి.
ముందు వెడల్పాటి గాలిఅద్దం,
ఇరుపక్కలా సిలిండర్లు,
సంతలో దారి చేసుకునే మనిషి మోచేతుల్లా.
ఎడమ పెట్టె తాళం
మోకాలితో ఒకటిస్తే గానీ తెరుచుకోదు.

తౌనో దగ్గర కొన్నాను.
ముప్ఫై ఏళ్ళు దుంగల లారీ నడిపినవాడు,
మోకాళ్ళు మొరాయించాక అమ్మాడు.
బేరమంతా అయ్యాక నూనెగుడ్డలో చుట్టిన
నోటుబుక్కొకటి చేతిలో పెట్టి,
"ఇది లేకుండా అది లేదు" అన్నాడు.

చలికాలం రాత్రుళ్ళు అదే చదువుతాను.
*జూన్ ఏడు. ఆయిల్ మార్చాను. దోమలు.*
*ఎడమ కార్బురేటర్ అలిగింది. బతిమాలాను.*
*నార్వే దాకా. వాన. మళ్ళీ వాన. చేపల పులుసు బాగుంది.*
ఒక పేజీలో మాత్రం, పెన్సిల్‌తో,
*ఈ వేసవి మీటరు కేబుల్ తెగింది.
ఎంత తిరిగానో నాకూ తెలీదు.*

ఏప్రిల్‌లో వాల్వుల పని.
ఒకదానికి మిల్లీమీటరులో పదోవంతు సందు,
ఇంకోదానికి దానికి రెట్టింపు.
ఉక్కు రేకు ఆ సందులో
పట్టీ పట్టనట్టు జారాలి.
బిగిస్తే కాలిపోతుంది, వదిలేస్తే వాగుతుంది.
స్కూలు బస్సులో నలభై మంది పిల్లల్ని
ఇన్నేళ్ళుగా మోస్తున్నదాన్ని,
ఆ కొలత నాకు కొత్త కాదు.

కింద అట్టముక్క పరుస్తాను.
పొద్దున్నే రెండు చుక్కలుంటే కుశలమే.
ఏమీ లేనినాడే గుండె జారుతుంది,
లోపల అసలుందా అని.

మంచు కరిగినా వెంటనే వెళ్ళలేం.
చలికాలమంతా జారకుండా చల్లిన ఇసకరాళ్ళు
రోడ్డు నిండా.
వాటి మీద వంగామా, అంతే సంగతులు.
మే నెలలో మునిసిపాలిటీ ఊడ్చే బండి వస్తుంది.
దాని చప్పుడు దూరంగా వినపడితే చాలు,
వంటింట్లో ఉన్న బ్యాటరీ
నాకంటే ముందు విన్నట్టుంటుంది.

పోయిన జులైలో మీటరు
తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల ఎనభై చూపించింది.
ఉన్నవి ఐదు గళ్ళే. తర్వాత అన్నీ సున్నాలు.
దాల్చినచెక్క రొట్టె ఒకటి కట్టుకున్నాను,
కెమెరా మెడలో వేసుకున్నాను,
కూసమో వైపు ఉత్తరానికి బయల్దేరాను.
రాత్రి పదకొండైనా పొద్దు దిగలేదు,
ఇంటికి పొమ్మన్నా పోని చుట్టంలా.

తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై ఎనిమిది.
మలుపు తిరిగితే రెయిన్‌డీర్.
రోడ్డుకి నట్టనడుమ, తన పెళ్ళికి తనే నడుస్తున్నంత తీరిగ్గా.
హారన్ కొట్టాను. చెవి ఒకటి కదిపింది.
మొదటి గేరులో వెనకే, క్లచ్చు మీద,
వేలు నొప్పెట్టేదాకా.
గాలి తగలక ఇంజన్ వేడెక్కుతోంది,
కాలిన నూనె వాసన బూట్ల దగ్గర.
తిట్టాను. బతిమాలాను. తౌనోలాగే.

ఎప్పటికో ఒక చిత్తడి నేల కనబడి
అది అటు దిగిపోయింది.
చూస్తే మీటరులో నాలుగు సున్నాలు, ఒక ఒకటి.

ఇంజన్ ఆపి గట్టు మీద కూర్చున్నాను.
టిక్కు టిక్కుమంటూ చల్లబడుతోంది.
రొట్టె సగం తిన్నాక తౌనోకి ఫోన్ చేశాను.
పడీపడీ నవ్వాడు.
"పిచ్చిదానా, ఆ సున్నాలు ఎప్పుడో దాటిపోయాయి.
కేబుల్ తెగిన ఏడు, నార్వేలో ఏ మలుపులోనో,
వానలో. నేనూ చూడలేదు."

అటూ ఇటూ చూశాను, ఎవరూ లేరు.
నోటుబుక్కు తీసి మోకాలి మీద పెట్టుకుని రాశాను,
*జులై పంతొమ్మిది. రెయిన్‌డీర్.
బాగా వేడెక్కింది. ఆయిల్ చూడాలి.*
కాసేపాగి, కింద,
*దోమలు.*